డెమో కారుకు కోడి కోసిన రోజు

ఆ కారులో నాకు మొదట నచ్చింది దాని ఎత్తు. రంగు కాదు, ముందర మెరిసే జాలీ కాదు, సేల్స్‌మన్ పదేపదే తట్టి చూపించిన పాటల పెట్టె అంతకన్నా కాదు. తలుపు తీసి కూర్చోవడానికి చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకి ఎక్కాల్సిన పని లేదు. నడుం వంచి లోపలికి దిగబడాల్సిన పనీ లేదు. ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు కూర్చున్నాను. ముందుకు చూస్తే బానెట్ చివర కనిపించింది, దాని ముందున్న నేల కూడా కనిపించింది. గుంత ఎక్కడుందో కనపడే బండి కావాలి నాకు. అది దొరికిందనిపించింది.

రెండు వేల దశకం చివరి రోజులవి. కారు కన్నా ఎత్తుగా, జీపు కన్నా కిందికి ఉండే బండ్లు మన వైపు అప్పుడప్పుడే రావడం మొదలైంది. కంపెనీ వాళ్లు వాటిని క్రాసోవర్ అనేవారు. ఖమ్మం షోరూములో సేల్స్‌మన్ ఆ మాట అంటుంటే, మా ఆయన అర్థమైనట్టు తల ఊపాడు. ఆయనకు అర్థం కాలేదని నాకు తెలుసు. ఆయన పినపాకలో బడిపంతులు. రెండుసార్లు మోటారు సైకిలు నేర్చుకోబోయి రెండుసార్లూ ఒకే పెంటకుప్పలో పడిన మనిషి. కారు నాది, తోలేది నేను. మా దవాఖానా అంబులెన్సు డ్రైవరు దగ్గర ఏడాది పాటు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను.

నేను భద్రాచలంలో నర్సును. మా ఊరు దుమ్ముగూడెం దాటి, తారు రోడ్డు వదిలి, ఎర్రమట్టి బాటలో లోపలికి పోతే వచ్చే కోయ గూడెం. మధ్యలో వాగు ఉంది, వంతెన లేదు. చిన్నప్పటి నుంచి షేర్ జీపుల్లోనే తిరిగాను. తిరిగాను అంటే కూర్చుని కాదు. వెనక ఇనప కడ్డీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో పెట్టుకుని. నర్సు ట్రైనింగుకు మొదటిసారి పోయినప్పుడు కూడా అట్లాగే పోయాను. ముందు సీటు సర్పంచులకి, కాంట్రాక్టర్లకి. స్టీరింగు నా చేతిలో పెట్టుకుని మా ఊరి బాట మీద పోవాలని ఆ కడ్డీ పట్టుకున్నప్పుడే అనుకున్నాను. దాన్ని కోరిక అనను. పంతం అంటాను.

ఇక షోరూము సంగతి. అద్దాల తలుపు తీసుకుని లోపలికి పోగానే సేల్స్‌మన్ చూపు ముందు మా చెప్పుల మీద పడింది. తర్వాత మా ఆయన చేతి గడియారం మీద. నీళ్ల గ్లాసు ఆయనకే వచ్చింది, విజిటింగ్ కార్డు ఆయనకే వచ్చింది. "సార్, మీది ఏ సైడు?" అని అడిగాడు. మా ఆయన దుమ్ముగూడెం లోపలికి అన్నాడు. ఆ కుర్ర సేల్స్‌మన్ ముఖం వెంటనే జాలిగా మారింది.

"ఆ సైడు రోడ్లకు మీకు ఇది వేస్టు సార్. మా దగ్గరే ట్రాలీ ఆటో ఉంది. ఆకు కట్టలు, బియ్యం బస్తాలు, మనుషులు, అన్నీ పోతయ్. మీవాళ్లు చానామంది అదే తీస్కపోయిండ్రు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మావాళ్లంటే ఎవరయ్యా?" అన్నాను.

అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "అంటే మేడం, ఆ ఏరియా వాళ్లు..."

"ఆ ఏరియా దానికి కారే కావాలి. చూపియ్."

చూపించాడు పాపం. అతని తప్పేం లేదు, అట్లా నేర్పారు. ఆ రోజు వాళ్లు బండ్లు అమ్మే తీరంతా నేను గమనించాను. ఈ రంగులో ఒక్కటే మిగిలింది అంటారు. ఆఫరు ఈ నెలాఖరు వరకే అంటారు. ఏదైనా గట్టిగా అడిగితే, మేనేజరును కనుక్కుంటానని అద్దాల గదిలోకి పోయి, అక్కడ ఇద్దరూ టీ తాగి, చాలా కష్టపడి ఒప్పించినట్టు ముఖం పెట్టుకుని బయటికొస్తారు. సీటు కవర్లు, వినాయకుడి బొమ్మ ఫ్రీ అంటారు. మా దవాఖానాలో భయపడ్డ పేషెంటును కూర్చోబెట్టి మాట్లాడే తీరు నాకు తెలుసు కాబట్టి, ఇతను నన్ను ఎక్కడెక్కడ పట్టుకోబోతున్నాడో ముందే కనిపెట్టేశాను. నాకు నవ్వు కూడా వచ్చింది.

నవ్వు ఆగిపోయింది టెస్ట్ డ్రైవ్ దగ్గర. బయట ఇటుక రంగు డెమో కారు నిలబెట్టి ఉంది. జనానికి నడిపి చూపించడానికని పెట్టుకున్న బండి. సేల్స్‌మన్ స్టీరింగు ముందు కూర్చున్నాడు, మా ఆయన్ని పక్కన కూర్చోమన్నాడు, నాకు వెనక తలుపు తీశాడు. నేను ఎక్కలేదు. మా ఆయన అతని భుజం తట్టి, "నన్ను కూసోబెడ్తవేంది తమ్మీ? తోలేది ఆమె" అన్నాడు. అందుకే ఆ మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశాను.

అప్పటికీ తోలనిచ్చింది షోరూము నుంచి బైపాస్ దాకా. అక్కడ మలుపు తిరిగి మళ్లీ వెనక్కి. ఆ రోడ్డు అద్దంలా ఉంది. దాని మీద ఎడ్లబండి కూడా సుతారంగా పోతుంది. దిగి చెప్పాను: "ఇది కాదు చూసుడు. నేను నడిపే బాట మీద నడిపి చూడాలె. మా ఊరికి తీస్కపోత."

"రూట్ ఫిక్స్ మేడం. దాటి పోనియ్యరు."

"గట్లయితే నాకొద్దు."

నేను గేటు దాకా వచ్చేశాను కూడా. నెలాఖరు ఆఫరు నాకే కాదు, అతనికీ ఉన్నట్టుంది. పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు వారాలకోసారి భద్రాచలంలో టెంటు వేసి బండ్లు చూపిస్తారట. వచ్చే ఆదివారం డెమో కారు అక్కడికే వస్తుందట. మేనేజరుకు చెప్పకుండా ఒక పూట తిప్పుకొద్దాం అన్నాడు. ఆ ధైర్యానికి అతని మీద నాకు కాస్త ఇష్టం కలిగింది.

ఆదివారం పొద్దున టెంటు దగ్గర బయలుదేరాం. నేను స్టీరింగు దగ్గర, సేల్స్‌మన్ పక్కన, మా ఆయన వెనక. బండి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. క్లచ్ మెత్తగా ఉంది, మోకాలు నొప్పి పెట్టలేదు. ఏసీ వేసి గుట్ట ఎక్కితే మాత్రం ఇంజను మూలిగింది. వెనక సీటులో ఇద్దరు హాయిగా కూర్చుంటారు, మూడో మనిషి కూర్చుంటే ముగ్గురికీ పోట్లాటే. తారు రోడ్డు దిగి ఎర్రమట్టి ఎక్కగానే డాష్‌బోర్డులో ఏదో ప్లాస్టిక్ ముక్క టకటకమని మొదలుపెట్టింది, ఊరొచ్చేదాకా ఆపలేదు. కానీ షేర్ జీపు అడుగు గీసుకుపోయే రాతి మిట్ట మీద దీని అడుగు తగల్లేదు. వాగులో నీళ్లు మడమ దాటి ఉన్నాయి. సేల్స్‌మన్ పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒకటో గేరులో, ఆపకుండా, ఇసుకలో కూరుకోకుండా అవతలి గట్టు ఎక్కించాను. ఎక్కాక నా గొంతులోంచి కేక వచ్చింది. అంత పెద్ద కేక నేనే పెట్టానని నాకే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడే నిర్ణయం అయిపోయింది, ఈ బండే తీసుకుంటాను.

కానీ మా ఊరి పొలిమేరలో ఏం జరుగుతుందో నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, ఊరి పూజారి. ముత్యాలమ్మ మొక్కులన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి. ఆదివారం నడిపి చూడడానికి కారు తోలుకుని వస్తానని ముందురోజు జీపు డ్రైవరుతో కబురు పెట్టాను. కబురు సరిగ్గానే అందింది. అయితే నడిపి చూసి తిరిగి ఇచ్చేయడం అనేది మా ఊళ్లో ఎవరికీ లేని ఆలోచన. మా దగ్గర కొత్తది ఏదైనా, నాగలైనా, ఎడ్లైనా, మొదటిసారి ఊళ్లో అడుగుపెట్టేటప్పుడు పొలిమేరలో అమ్మవారికి చూపించి, కోడిని కోసి, లోపలికి తెస్తారు. కోడి కోశారంటే అది ఊరిదైనట్టు. ఇక దాన్ని వెనక్కి పంపడం ఉండదు.

మలుపు తిరిగేసరికి ఊరంతా పొలిమేర రాయి దగ్గర నిలబడి ఉంది. డోలు మోగుతోంది. నేను బ్రేకు వేశాను. ఇంజను ఆపి దిగేలోపే పెద్దనాయన ముందు చక్రం దగ్గర వంగి లేచాడు. చక్రం మీద నెత్తురు, బానెట్ మీద పసుపు, జాలీలో ఒక ఈక.

సేల్స్‌మన్ కారులోంచి దూకాడు. "అయ్యో! ఇది డెమో కారండీ! డెమో కారు!"

పెద్దనాయన నా వైపు తిరిగాడు. మేం మాట్లాడుకున్నది కోయలో, నేనిక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"డెమో అంటే ఏంది బిడ్డా?"

"తోలి చూసి, మళ్ల ఇచ్చేసేది పెద్దనాయనా."

ఆయన చేతిలో కత్తి అట్లాగే ఉంది. "ఇచ్చేసేదానికి కోడిని కోయిస్తవా నాతోని?" అన్నాడు. గట్టిగా అనలేదు. డోలు ఆగిపోయింది.

నేను చదువుకున్నదాన్ని. కోడి నెత్తురుతో బండి ఊరిదవుతుందా అని నన్నెవరైనా అడిగితే అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఒకటి తెలుసు. ఆ బాట మీద లారీలొచ్చాయి, సర్కారు జీపులొచ్చాయి, పెద్ద పెద్దోళ్ల కార్లొచ్చాయి. ఒక్కదానికీ మా పెద్దనాయన ఎదురు రాలేదు. ఊరి ఆడపిల్ల తోలుకుని వచ్చిన మొదటి బండి ఇది. తన పెంపుడు పుంజును తెచ్చాడు. ఈ బండి వెనక్కి పోయి మళ్లీ రాకపోతే, ఊరి ముందు తల వంచుకోవాల్సింది నేను కాదు, ఆయన. అమ్మవారికి చూపించి మాట తప్పిన పూజారి అయిపోతాడు.

"ఇచ్చేసేది లేదు పెద్దనాయనా. ఇదే తెస్త" అన్నాను.

"ఇదే?"

"ఇదే."

డోలు మళ్లీ మొదలైంది. సేల్స్‌మన్ మాత్రం రాయి మీద కూలబడ్డాడు. మేనేజరుకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, గుట్టెక్కాలి. గుట్టెక్కి చూసుకుని, ఏమనుకున్నాడో, చేయకుండానే దిగొచ్చాడు. మధ్యాహ్నం ఆ పుంజునే వండారు. మొదట వద్దన్నాడు. తర్వాత అడ్డాకు విస్తరి ముందు కూర్చుని రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. "నా ఉద్యోగం పోయినట్టే అక్కా" అన్నాడు తింటూనే. షోరూములో మేడమ్‌ను, ఇక్కడ అక్కనయ్యాను.

తిరుగు దారిలో వాగు దాటేసరికి చక్రం మీద నెత్తురు కడుక్కుపోయింది. బానెట్ మీద పసుపు, జాలీలో ఈక మిగిలాయి. ఆ రాత్రికి కారు భద్రాచలంలోనే ఆగింది. సోమవారం నేను సెలవు పెట్టి, సేల్స్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కారును నేనే ఖమ్మం తోలాను. మా ఆయన బడికి పోయాడు.

ఆ రోజు మంచి ముహూర్తమట. షోరూము ముందు ఇద్దరి కార్లు డెలివరీకి ముస్తాబై ఉన్నాయి, పూలదండలు, రిబ్బన్లు. ఒక కుటుంబం పిల్లాపాపలతో నిలబడి ఉంది. వాళ్ల కారు బయటికి రావాల్సిన దారికి అడ్డంగా డెమో కారును ఆపి, తాళం చెవి నా చేతి సంచిలో వేసుకుని లోపలికి పోయాను. కావాలనే ఆపాను. ఇప్పుడు కూడా అందుకు నాకు చింత లేదు.

మేనేజరు సంగతంతా విన్నాడు. నవ్వాడు. "సార్ రాలేదా మేడం? సార్ వస్తే కూర్చుని మాట్లాడుకుందాం."

"సార్ బళ్ళో పాఠం చెప్తున్నడు. మాట్లాడేది నేనే. ఆ బండి నాకు అమ్ముండ్రి."

"డెమో అమ్మకూడదు మేడం, రూలు ఒప్పుకోదు. మీకు కొత్తది బుక్ చేద్దాం. మూడు నెలల్లో వచ్చేస్తది. మీవాళ్లు తెలియక చేసిండ్రు, పర్లేదు. వాటర్ వాష్ చేపిస్తే పోద్ది."

"ఏం పోద్ది?"

"మరక మేడం."

"మరక పోద్ది. మొక్కు పోద్దా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడం, మీరు చదువుకున్నోళ్లు. అడవిల వాళ్ల మూఢనమ్మకాలు మీరు కూడా..." అని ఆగాడు. ఆగినా మాట వచ్చేసింది. నేను లేచి నిలబడ్డాను.

అంతలోనే బయట నుంచి పిలుపు వచ్చింది. ముహూర్తం దగ్గరపడుతోందని ఆ కుటుంబం పెద్దాయన తొందరపెడుతున్నాడు. మేనేజరు నన్ను అక్కడే వదిలి బయటికి పోయాడు. నేనూ వెనకాలే పోయాను. పంతులు కొబ్బరికాయ తిప్పుతున్నాడు. మేనేజరు స్వయంగా వంగి, ఇస్త్రీ ప్యాంటు మడత నలగకుండా చూసుకుంటూ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. అది చూసి నాకు అడగాల్సిన మాట దొరికింది.

"మేనేజరు గారూ, ఒక్క మాట" అన్నాను, అందరికీ వినపడేట్టు. "ఆ నిమ్మకాయల మీంచి బండి పోయినంక, రేపు ఈ పెద్దమనిషి వచ్చి నాకొద్దు, వాపసు తీస్కోండ్రి అంటే తీస్కుంటరా?"

"అదెట్ల తీసుకుంటం మేడం? పూజ అయిపోయినంక..."

మాట మధ్యలోనే నాలుక కరుచుకున్నాడు. పంతులు కూడా నా వైపు చూశాడు.

"మాదీ పూజే" అన్నాను. "మీ నిమ్మకాయలో రసం ఎర్రగ ఉండదు. అంతే తేడా. మీది ఆచారం, మాది మూఢనమ్మకం ఎట్లయితది? రూలు చూపియ్యండ్రి."

కారు కొన్న పెద్దాయన గడియారం చూసుకున్నాడు, దారికి అడ్డంగా ఉన్న ఇటుక రంగు బండిని చూశాడు, నన్ను చూశాడు. "ఇచ్చెయ్యరాదయ్యా ఆమె బండి ఆమెకు. మా టైము దాటిపోతున్నది" అన్నాడు విసుగ్గా. ఆయన నా మీద దయతో అనలేదు, తన ముహూర్తం కోసం అన్నాడు. అయినా ఆ 'ఆమె బండి' అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మేనేజరు అద్దాల గదిలోకి పోయాడు, ఈసారి టీ కోసం కాదు. పై వాళ్లకు ఫోన్ చేశాడు. గంట సేపు చేశాడు. నేను కారులో కూర్చున్నాను. చివరికి సేల్స్‌మనే పరుగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, ఒప్పుకున్నరు. షోరూము పేరు మీదున్నది, మీ పేరుకు మార్చాలె, వారం పడ్తది" అన్నాడు. అతని ఉద్యోగం పోలేదు. ఆ నెల లెక్కలో ఒక బండి ఎక్కువ అమ్మినట్టు కూడా రాసుకున్నారట.

వారం తర్వాత తాళాలు ఇచ్చే రోజు మేనేజరు పెద్ద అట్టముక్క తాళం చెవి పట్టుకుని ఫోటోకు నిలబడ్డాడు. దాన్ని మా ఆయన చేతికి అందించబోయాడు. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అట్ట తాళం నా చేతికొచ్చింది. తర్వాత ఎవరో అలవాటుగా నిమ్మకాయల పళ్లెం తెచ్చారు. "వద్దు, దీనికి అయిపోయింది" అన్నాను. మేనేజరే ఆ పళ్లెం పక్కకు జరిపించాడు.

ఊరికి పోతే ఈసారి డోలు లేదు, జనం లేరు. పెద్దనాయన ఒక్కడే పొలిమేర రాయి మీద కూర్చుని ఉన్నాడు. వారం రోజులు రోజూ అక్కడే కూర్చున్నాడని తర్వాత తెలిసింది. లేచి చక్రం చూశాడు, నా ముఖం చూశాడు. తుండుతో కాళ్లు దులుపుకుని ముందు సీటులో ఎక్కి కూర్చున్నాడు.

"ఇంటికేనా?" అన్నాను.

"కాదు. చెక్‌పోస్టు కాడికి పోనీ."

అడవి దారికి అడ్డంగా కర్ర వేసి ఉండే ఫారెస్టు వాళ్ల చెక్‌పోస్టు అది. తునికాకు మోపైనా, వెదురు కట్టైనా, వట్టి చేతులైనా, మా పెద్దనాయన ఆ కర్ర దగ్గర ఆగకుండా, మూట విప్పి చూపించకుండా ఏనాడూ అవతలికి పోలేదు. ఆయన నడిచి పోతే ఆ కర్ర ఎప్పుడూ పైకి లేవలేదు, పక్క నుంచి వంగి దూరి పోవాల్సిందే. నేను కారు నెమ్మది చేశాను. లోపల గార్డు మా ఇటుక రంగు కారును చూశాడు, ఎవరో ఆఫీసరనుకున్నట్టుంది, పరుగున వచ్చి కర్ర లేపి పట్టుకున్నాడు. పెద్దనాయన తల తిప్పలేదు. నిటారుగా కూర్చుని ముందుకే చూస్తూ, దాని కింద నుంచి వంగకుండా పోయాడు.

కొంత దూరం పోయాక నా భుజం తట్టాడు.

"వెనక్కి తిప్పు బిడ్డా" అన్నాడు. "ఇంకోపాలి పోదాం."